బంతిలో కూర్చున్న మనిషి

మా షెడ్డు పేరు కోళ్ల షెడ్డు. గేటు మీద బోర్డులో కూడా అదే పేరు. నవ్వేవాళ్లు నవ్వనీ అని, రోడ్డు మలుపు నుంచే కనబడేంత పెద్ద అక్షరాలు రాయించాను. నాకు చదువు అంతంత మాత్రమే. అయినా ఆ నాలుగు అక్షరాలూ ఎప్పుడు గేటు దాటినా కూడబలుక్కుని ఒకసారి చదువుకుంటాను.

మేడ్చల్ నుంచి షామీర్‌పేట దాకా ఇప్పుడు ఎటు చూసినా దావత్‌లు చేసుకునే చోట్లే. నేను కాపురానికి వచ్చినప్పుడు ఇవన్నీ జొన్నచేలు. తర్వాత ద్రాక్షతోటలు వచ్చాయి. ద్రాక్ష పోయి కోళ్లు వచ్చాయి, కోళ్లు పోయి ప్లాట్లు వచ్చాయి, ప్లాట్ల మధ్యలో ఈ హాళ్లు లేచాయి. ఒకదాని ముందు రాతి ఏనుగులు. ఇంకొకదానిలో పచ్చగడ్డి మొత్తం ప్లాస్టిక్‌ది, దానికీ పొద్దున్నే పైపు పెట్టి నీళ్లు కొడతారు, దుమ్ము పోవాలని. కంపెనీలవాళ్లు బస్సుల్లో వచ్చి మీటింగులు పెట్టుకుంటారు, కేకులు కోస్తారు, ఒకరి మీద ఒకరు నురుగు చల్లుకుంటారు. చల్లుకోనీ, వాళ్ల ఒళ్లు, వాళ్ల నురుగు. మా రావల్కోల్‌లో మా పక్కనే లేచిన హాలు వీటన్నిటికంటే పెద్దది. దాని మెట్లెక్కాలంటే నాకు ఒక పూట కావాలి.

ఆ హాలుకు అన్నీ ఉన్నాయి, కార్లు పెట్టుకునే జాగా తప్ప. ఆ జాగా మా షెడ్డు.

షెడ్డు కట్టించింది మా పెద్దమనిషి, అదే, నా పెనిమిటి. నా కొడుకు కోళ్ల వాసన పడక లారీ ఎక్కాడు, ఇప్పటికీ దిగలేదు. మనవడు బాలరాజు నడిపించాడు. కంపెనీవాళ్లు కోడిపిల్లలను తెచ్చి వేసేవాళ్లు, మేము పెంచి ఇచ్చేవాళ్లం. చుట్టూ కాలనీలు లేచాక వాసన వస్తుందని, ఈగలు వస్తున్నాయని ఫిర్యాదులు మొదలయ్యాయి. ముందు వచ్చింది కోళ్లా, కాలనీయా అని అడిగితే ఎవరూ జవాబు చెప్పరు. పిల్లలను వేయడం ఆగిపోయింది. షెడ్డు ఖాళీ అయింది. కోడి లేని కోళ్ల షెడ్డు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో మీకు తెలియదు. నాకు చాలా రోజులు నిద్ర పట్టలేదు.

అప్పుడు వచ్చాడు హేమచంద్. పక్క హాలు మేనేజరు. మిఠాయి డబ్బా పట్టుకుని, చొక్కా మీద మడత పడకుండా కుర్చీ అంచున కూర్చున్నాడు.

“అమ్మా, మీరేం పరేషాన్ గావొద్దు. షెడ్డు పడగొట్టుడు గూడ మాదే పని. మీరు సంతకం పెట్టి ఇంట్ల కూసోండి, చాలు.”

“ఇంట్ల కూసొని ఏం జెయ్యాలె బిడ్డా?” అని అడిగాను.

అతను మిఠాయి డబ్బా నా ముందుకు జరిపాడు.

బాలరాజు అప్పటికే తల ఊపేశాడు. పాపం, వాణ్ణి అనలేను. కోళ్లు పోయినప్పటినుంచి వాడి ముఖంలో వెలుగే లేదు. అడ్డం పడింది వాడి పెళ్లాం వినోద.

వినోద గురించి ఒక ముక్క చెప్పాలి. పెళ్లికి ముందు మేడ్చల్‌లో ఒక ఫంక్షన్ హాల్లో వడ్డించే పని చేసేది. ఒకే రంగు చీర, జడలో ఒకే రకం పువ్వు, ముఖం మీద ఎప్పుడూ నవ్వు ఉండాలట. వచ్చినవాళ్లంతా తిని పోయాక, గిన్నెలు కడిగే చోట నిలబడి తినాలి. ఒకవైపు ఎంగిలి పళ్లేలు కుప్పగా పడుతుంటే, ఇంకోవైపు వీళ్లు గోడవైపు తిరిగి గబగబా మింగేవాళ్లు. ఈ పిల్ల మా ఇంటికి వచ్చిన కొత్తలో అన్నం పెడితే నిలబడే తినేది. కూర్చోమంటే కూర్చునేది, మరచిపోయి మళ్లీ లేచి నిలబడేది.

ఆ వినోద అంది: “ఆళ్లకు కార్లు పెట్టుకునే జాగ గావాలె. మనమే దావత్‌లు జేద్దాం. షెడ్డున్నది, వంట నాకొస్తది, ఎవుసం జేసే చేతులున్నయి. ఏం తక్కువైంది మనకు?”

“కోళ్ల షెడ్డుల ఎవడు తింటడే?” అన్నాడు బాలరాజు.

“కోళ్లు తినలేదా?” అన్నాను నేను.

వాడు నా వైపు ఒక చూపు చూశాడు. మొగుడూ పెళ్లాల మధ్యకు నువ్వెందుకు వచ్చావే ముసలీ అన్నట్టు. కానీ షెడ్డు నా పేరు మీద ఉంది, ఆ సంగతి వాడికీ తెలుసు.

చివరికి వాడే ఒక మాట అన్నాడు. “ఒక్క దావత్. కంపెనీ దావత్ ఒక్కటి జెయ్యి. ఆళ్లు మంచిగుంది, మళ్ల వస్తమంటే నీ ఇష్టమున్నట్టు నడిపించుకో. ఆళ్లు మొకం తిప్పుకొని పోయిన్రనుకో, పార్కింగుకిద్దాం. మళ్ల లొల్లి పెట్టొద్దు. అవ్వా, నువ్వు గూడ.”

వినోద సరేనంది. నేనూ సరేనన్నాను. హేమచంద్‌కు నెలాఖరులో రమ్మని కబురు పోయింది.

ఇక షెడ్డు కడగడం మొదలుపెట్టాం. సున్నం కొట్టాం, మళ్లీ కడిగాం, మళ్లీ సున్నం కొట్టాం. పక్కలకు ఉన్న జాలీని అలాగే ఉంచాం, గాలి బాగా ఆడుతుందని. కోళ్ల దాణా గిన్నెలు వేలాడదీసిన కొక్కేలు పైన వరుసగా ఉన్నాయి కదా, వాటికి బల్బులు కట్టింది వినోద. షెడ్డంటే తెలుసుగా, వెడల్పు తక్కువ, పొడుగు ఎక్కువ. ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే వరుసలో దాణా పడాలని అట్లా కడతారు. అందులో చాపలు పరిస్తే ఒక్కటే పొడుగాటి బంతి. భోజనాల వరుసను మేము బంతి అంటాం. మా చిన్నప్పుడు చెట్ల కింద కూడా అంత తిన్నటి బంతి పడేది కాదు.

పేరు దగ్గర కూడా గొడవే. బాలరాజు ఎవరినో అడిగి ఒక ఇంగ్లీషు పేరు తెచ్చాడు. దానిలో కోడి లేదు, షెడ్డు లేదు, పచ్చిక మాత్రం ఉందట. “పచ్చిక ఏడున్నదిరా మనకు?” అన్నాను. మర్నాడు పెయింటరును పిలిపించి నాకు కావలసిన పేరు రాయించాను. వినోద పకపకా నవ్వింది. బాలరాజు ఆ పూట అన్నం తినలేదు. రాత్రికి తిన్నాడు లెండి.

కంపెనీ దావత్ దొరికింది కూడా ఆ బోర్డు వల్లే. శ్రీదివ్య అని ఒక అమ్మాయి, వాళ్లది కోస్తా వైపు, ఇప్పుడు కౌకూర్‌లో ఇల్లు కొనుక్కున్నారు. ఒక కంపెనీలో ఉద్యోగస్తుల మంచిచెడ్డలు చూసే పని. ఈ దారిలో పోతూ బోర్డు చూసి కారు ఆపింది. లోపలికి వచ్చి, కొక్కేలకు వేలాడే బల్బులు చూసి, చాపలు చూసి, రెండు చేతులూ చెంపలకు ఆనించుకుంది.

“అబ్బ, ఎంత బావుందండీ! అన్ని హాళ్లూ ఒకేలా ఉంటున్నాయని మా ఎండీగారు విసుక్కుంటున్నారు. ఇలా కింద కూర్చుని, ఆకుల్లో తినడం... మామ్మగారూ, మీరు కూడా ఉంటారు కదా ఆ రోజు?”

“నేను ఏడికి పోత బిడ్డా, నా షెడ్డే.”

“మీరే స్వాగతం పలకాలి మామ్మగారూ. గేటు దగ్గర నీళ్లవీ ఇచ్చి, అచ్చం మీ పద్ధతిలో.”

అచ్చం మా పద్ధతిలో అంది. ఆ మాట ఆ అమ్మాయే అంది, గుర్తు పెట్టుకోండి.

నచ్చితే నెలనెలా ఒక జట్టును తీసుకొస్తామని కూడా చెప్పింది. వినోద ముఖం చూడాలి ఆ రోజు. గిన్నెలు తోముతూ పాట అందుకుంది.

దావత్ రోజు వచ్చింది. పొద్దు పొడవకముందే పొయ్యిలు రాజేశాం. బగారన్నం, మటన్, నాటుకోడి కూర, మాంసం తిననివాళ్లకు గుత్తి వంకాయ, పచ్చిపులుసు, మక్క గారెలు, చివరికి చల్ల. ఊళ్లోంచి ఈదమ్మ వచ్చింది సాయానికి. ఆమె రాయి మీద మసాలా నూరుతుంటే పక్క హాలు పనివాళ్లు గోడ మీంచి తలలు పెట్టి చూశారు. శ్రీదివ్య ముందే మనుషులను పంపి బంతి మొదట్లో ఒక బ్యానరు కట్టించింది. కంపెనీ పేరు, దాని కింద బంతిపూల దండలు. అక్కడ ఎండీగారు, బెంగళూరు నుంచి వచ్చే పెద్ద గెస్టు పక్కపక్కన కూర్చుంటారని, ఫోటో తీస్తారని బాలరాజుకు చెప్పిపోయారట. వాడు నాకు చెప్పలేదు. చెప్పానంటాడు. పొయ్యి దగ్గర పొగలో నాతో ఎన్నో చెబుతారు.

బస్సు వచ్చింది. దాని వెనక రెండు కార్లు. నేను గేటు దగ్గర ఇత్తడి బిందె, చెంబు పెట్టుకుని నిలబడ్డాను, కొత్త చీర కట్టుకుని. బస్సులోంచి మొట్టమొదట దిగింది ఎవరు? డ్రైవరు. ఎవరైనా అంతే కదా, తలుపు తీయాల్సింది వాడే. జుట్టు సగం నెరిసిన మనిషి. పొద్దున్నే గాజులరామారం నుంచి మొదలుపెట్టి ఊరంతా తిరిగి మనుషులను ఎక్కించుకుని వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“రా బిడ్డా, ఏం పేరు?”

“కుర్మయ్యనమ్మా.”

“కాళ్లకు నీళ్లు తీస్కో కుర్మయ్యా.”

చెంబుతో పోశాను. కాళ్లు కడుక్కున్నాడు, చేతులు కడుక్కున్నాడు, ముఖం మీద ఇన్ని చల్లుకున్నాడు. మా ఇళ్లలో కాళ్లకు నీళ్లిచ్చాక ఇంకో మాట ఉండదు, బంతిలో కూర్చోబెట్టడమే.

“పో, లోపటికి వోయి కూసో. మొదట్లకెల్లి కూసో, నడుమ సందియ్యకు. ఎనకొచ్చేటోళ్లకు తొవ్వ గావాలె.”

పోయి మొదట్లోనే కూర్చున్నాడు. బ్యానరు కిందే. ఆ మనిషికి ఎలా తెలుస్తుంది? నేను కూర్చోమన్నాను, కూర్చున్నాడు.

తర్వాత కంపెనీ పిల్లలంతా దిగారు. కొందరు ప్యాంట్లు బిగుతుగా ఉండి కింద కూర్చోలేక కిందామీదా పడ్డారు. ఒకడు “అవ్వా, కుర్చీ లేదా?” అంటే, “కోడికి కుర్చీ ఏందిరా?” అన్నాను, అంతా నవ్వారు. బాగుంది, సందడిగా ఉంది. బ్యానరు కింద కుర్మయ్య పక్కన ఒక్క జాగా తప్ప బంతి నిండింది. వినోద బగారన్నం గిన్నె మూత తీసింది. ఆ వాసనకు మాటలన్నీ ఆగిపోయాయి. ఆకులు పరవడం అయింది.

అప్పుడు శ్రీదివ్య పరుగులాంటి నడకతో నా దగ్గరకు వచ్చింది.

“మామ్మగారూ, చిన్న పొరపాటు జరిగింది. ఆ చివర కూర్చున్నాయన మా డ్రైవరండీ.”

“అవును బిడ్డా, కుర్మయ్య. మంచిగ మాట్లాడుతడు.”

“అది కాదండీ. అక్కడ మా ఎండీగారూ, గెస్టూ కూర్చోవాలి. డ్రైవర్లకు ప్యాకెట్లు ఇచ్చేస్తాం, బస్సులో తింటారు. ఎప్పుడూ అంతే. మీరొకసారి ఆయన్ని లేపేయరా ప్లీజ్.”

లేపడమా?

మీకొక సంగతి చెప్పాలి. మా పెద్దమనిషి వయసులో ఉన్నప్పుడు ఒక పెళ్లికి బండిమీద కట్టెలు తోలాడు. పెద్దింటి పెళ్లి. కట్టెలు దించాక తిని పొమ్మన్నారు. బంతిలో కూర్చున్నాడు, అన్నం కలిపాడు, మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఇంతలో పట్నం నుంచి ఎవరో పెద్దవాళ్లు వచ్చారు. ఆ ఇంటాయన వచ్చి ఈయన భుజం మీద చెయ్యి వేసి, “నువ్వు మనోడివే గదా, లే, మలి బంతిల తిందువు” అన్నాడు. నవ్వుతూనే అన్నాడట. ఈయన లేచాడు. ఎడ్లు కట్టుకుని ఇంటికి వచ్చేశాడు. అప్పుడు నేను వాకిట్లో ఉన్నాను. కుడిచెయ్యి కడగలేదు, వేళ్ల మీద అన్నం ఎండిపోయి ఉంది. ఏమైందని అడిగితే చెయ్యి చూపించాడు, అంతే. ఆ తర్వాత బతికి ఉన్నన్నాళ్లూ ఎవరి ఇంటి బంతిలోనూ కూర్చోలేదు. సొంత తమ్ముడి పెళ్లిలో కూడా వడ్డించాడు గానీ కూర్చోలేదు. పిడికెడు మెతుకుల దగ్గర జరిగిన అవమానం మనిషితోపాటే కాటికి పోయింది.

అందుకని చెప్పాను. “బిడ్డా, బంతిల కూసున్న మనిషిని లేపరు. నేను లేపను.”

“అయ్యో మామ్మగారూ, ఒక్క ఫోటో వరకే...”

అప్పటికే ఎండీగారు వచ్చేశాడు. జోగారావు అని, పొడుగాటి మనిషి, తెల్లచొక్కా. చెడ్డవాడని నేను అనను. నాకు నమస్కారం పెట్టాడు, చెప్పులు విప్పి లోపలికి వచ్చాడు. బెంగళూరు గెస్టు ఆయన పక్కనే నిలబడి ఫోను చూసుకుంటున్నాడు.

“మామ్మగారూ, మీరు పెద్దవారు. అతనికి మంచి భోజనమే పెట్టండి, నేనేం కాదనట్లేదు. మేం తినే ఐటమ్సన్నీ పెట్టండి. కాకపోతే కాస్త అవతల వేరే చాప వేయించండి. ఇక్కడ ఫోటో తీయాలి, వెనకాల బ్యానరు ఉంది చూశారా?”

“ఫోటువను జరుపుకోండ్రి సారూ, మనిషిని గాదు” అన్నాను. “గా బ్యానరుకు రెండే తాళ్లున్నయి. ఇప్పితే ఆ కొసకు కట్టుకోవచ్చు.”

బంతిలో ఎవరో కిసుక్కుమన్నారు. జోగారావు ముఖం ఎర్రబడింది. నవ్వు ఆయనకు తగిలిందనుకుంటా, నా మాటకంటే.

“మేం ప్రతి నెలా రావాలనుకున్నామండీ. మొదటిరోజే ఇలా అయితే ఎలా చెప్పండి?”

ఇది బాలరాజు చెవిన పడింది. వాడు పరుగెత్తుకొచ్చాడు, చేతిలో గారెల బుట్టతోనే. నా మాట వదిలేసి, నేరుగా కుర్మయ్య దగ్గరకు వంగాడు.

“కుర్మయ్యన్నా, నీ కాల్మొక్త, జెర లెవ్వరాదే. నీకు మస్తుగ పెడ్త, ఇంటికి గూడ కట్టిస్త.”

పాపం కుర్మయ్య! ముందే తల దించుకుని ఉన్నాడు. ముందున్న ఆకుమీద చుక్కలు చుక్కలుగా నీళ్లు చల్లి ఉన్నాయి, వాటినే చూస్తున్నాడు. “నేను లేస్తనే ఉన్న తమ్మీ. నాకెందుకు ఈ లొల్లి. నాకు బస్సుల తినుడు అలవాటే” అని ఒక చెయ్యి నేలకు ఆనించాడు.

నేను పోయి కుర్మయ్య భుజం మీద చెయ్యి వేశాను. లేపడానికి కాదు. కిందికి అదిమి పట్టాను.

“కూసో.”

“అమ్మా...”

“నా చేతి నీళ్లు తీస్కున్నవా, లేదా?”

“తీస్కున్న.”

“అయితే కూసో. నువ్వు లేస్తె నా ఇజ్జత్ లేస్తది.”

ఇక నేనూ నిలబడలేదు. వాడి పక్కనే, బ్యానరు కింద, ఎండీగారి జాగాలో చతికిలబడ్డాను. దావత్ ఇంటి ఆడమనిషి వచ్చినవాళ్లకంటే ముందు ఆకు ముందు కూర్చోవడం మా వంశంలో ఎవరూ ఎరగరు. ఊళ్లో తెలిస్తే ఉమ్మేస్తారు. ఉమ్మనీ. ఇప్పుడు కుర్మయ్యను లేపాలంటే నన్ను దాటుకుని పోవాలి.

“వినోదా, నాకు ఇస్తరెయ్యి” అన్నాను.

షెడ్డంతా వినోద వైపు తిరిగింది. ఈ షెడ్డు ఆమె కల. నెలనెలా వస్తామన్న మాట విని పాట పాడిన పిల్ల. ఆకు వేస్తే ఆ మాట పోతుంది, నెలాఖరుకు షెడ్డు పార్కింగుకు పోతుంది. ఆకు వేయకపోతే నేను ముసలిదాన్ని, పక్కకు పొమ్మనొచ్చు, ఎవరూ తప్పు పట్టరు. నాకు ఆమె ముఖం కనిపించలేదు, చెమటకు కొంగు అడ్డం పెట్టుకుంది. బాలరాజు కళ్లతోనే బతిమాలుతున్నాడు.

వినోద కొంగు దించింది. మోదుగాకు విస్తరి ఒకటి తెచ్చి నా ముందు పరిచింది. నీళ్లు చల్లింది. తర్వాత బగారన్నం గిన్నె నడుముకు ఎత్తుకుని, గరిటె నిండా తీసి, మొట్టమొదట కుర్మయ్య ఆకులో వేసింది.

“తినన్నా” అంది. “మా కాడ నిలవడి తినుడు లేదు, బస్సుల తినుడు లేదు.”

జోగారావు చెప్పులు తొడుక్కున్నాడు. గెస్టును వెంటబెట్టుకుని పక్క హాలుకు పోయాడు, అక్కడ పైన రెస్టారెంటు ఉంది. ఆయన వెనక పెద్ద ఉద్యోగస్తులు కొందరు లేచారు. శ్రీదివ్య గేటు దాకా పోయి వెనక్కి తిరిగి నన్ను చూసింది. ఉద్యోగం చేసుకునే పిల్ల, ఏమంటుంది? పోయింది. మిగిలిన కుర్రాళ్లు మాత్రం కదల్లేదు. “మేం లేస్తే మమ్మల్ని లేపినట్టే అవుద్ది అవ్వా” అన్నాడు ఒకడు, కుర్చీ అడిగినవాడే. అప్పుడే మటన్ గిన్నె మూత కూడా తీశారు, అది కూడా ఒక కారణమే అనుకోండి.

ఖాళీ అయిన ఆకుల దగ్గర కారు డ్రైవర్లను, గేటు దగ్గర నిలబడ్డ వాచ్‌మన్‌ను పిలిచి కూర్చోబెట్టాం. నిండిన బంతిలో సందు ఉండకూడదు.

సాయంత్రం శ్రీదివ్య ఫోను చేసింది. ఇకమీదట రాలేమని ఎండీగారు చెప్పమన్నారట. చెప్పి, “వంకాయ కూర చాలా బావుందని మా వాళ్లన్నారు మామ్మగారూ” అని పెట్టేసింది.

మర్నాడు బాలరాజు అన్నాడు. “మాటంటె మాటే. ఆళ్లు మొకం తిప్పుకొని పోయిన్రు. నెలాఖరుకు హేమచంద్ సారొస్తడు. ఎవ్వలు లొల్లి పెట్టొద్దు.”

“పెట్టం” అంది వినోద, కూర తరుగుతూ.

“అవ్వా?”

“నేనెప్పుడు పెట్టినరా లొల్లి?” అన్నాను.

రెండురోజులకు కుర్మయ్య వచ్చాడు, పెళ్లాన్ని వెంటబెట్టుకుని. మనవరాలు పుట్టిందట, తొట్టెల వేయాలట. పాపను మొదటిసారి ఉయ్యాల్లో వేసి పేరు పెట్టే దావత్ అది. “మీ షెడ్డుల జేస్కుంటమమ్మా. మావోళ్లంత డ్రైవర్లే, కంపెనీలల్ల వాచ్‌మన్‌లే. పెద్ద పెద్ద హాళ్లకు మస్తుమందిని తోల్కపోయినం గని, లోపటికెప్పుడు వోలే.” వాళ్లకు కుదిరే రోజు ఏదో తెలుసా? హేమచంద్ వస్తానన్న రోజే. నేను కావాలని పెట్టానని బాలరాజు ఇప్పటికీ అంటాడు. రోజు చెప్పింది కుర్మయ్య. నేను వద్దనలేదు, అంతే.

ఆ రోజు షెడ్డు నిండిపోయింది. కొక్కేలకు బల్బులతోపాటు బెలూన్లు కూడా వేలాడదీశారు. పాపను ఉయ్యాల్లో వేసి ఆడవాళ్లు పాటలు పాడారు. బంతి వేసే సమయానికి పక్క హాలు నుంచి కార్లు తీసి పెట్టే పిల్లలు, ఊడ్చేవాళ్లు, గేటు వాచ్‌మన్ కూడా వచ్చారు, కుర్మయ్య దోస్తులేనట. వాళ్లకూ నీళ్లిచ్చాను.

సరిగ్గా అప్పుడే హేమచంద్ వచ్చాడు. ఒక చేతిలో కాగితాల సంచి, ఇంకో చేతిలో మళ్లీ మిఠాయి డబ్బా.

“అమ్మా, బాలరాజ్‌తోని రెండు నిమిషాలు మాట్లాడి పోత.”

“అన్నం యాళకొచ్చి తినకుంట వోతవా బిడ్డా? పట్టు, కాళ్లకు నీళ్లు.”

బూట్లు విప్పక తప్పలేదు. తీసుకొచ్చి నా పక్కనే కూర్చోబెట్టాను. అప్పట్నుంచి బంతి మొదట్లో నేనే కూర్చుంటున్నాను లెండి, ఒకసారి కూర్చున్నాక సిగ్గేముంది. అతనికి ఆ పక్కన ఎవరున్నారు? వాళ్ల హాలు వాచ్‌మనే. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. వాచ్‌మన్ లేవబోయాడు. నేను ఒక చూపు చూశాను, కూర్చుండిపోయాడు. హేమచంద్ కాగితాల సంచి ఒళ్లో పెట్టుకుని, దాని మీద మటన్ పులుసు పడకుండా ఒక చేత్తో కాపాడుకుంటూ తిన్నాడు. బాగానే తిన్నాడు. రెండోసారి కూడా వేయించుకున్నాడు.

తిన్నాక లేవబోయాడు.

“గట్ల లేవొద్దు బిడ్డా” అన్నాను. “బంతిల ఆఖరి మనిషి తినుడు అయ్యేదాంక ఎవ్వలు లేవరు. ఇంకొకలు తింటాంటె నడుమ లేస్తె తినేటోళ్లను లేపినట్టే.”

“సరే అమ్మా. ఎవరిది గాలే ఇంకా?”

ఎవరు? నేనే. నాకు నోట్లో ఉన్న పళ్లు ఎన్నని. మెతుకు మెతుకూ నమలాలి. మధ్యలో పాప సంగతులు చెప్పాలి, మా పెద్దమనిషి సంగతి చెప్పాలి, ద్రాక్షతోటలు ఎండిపోయిన సంగతి చెప్పాలి. బంతి మొత్తం చేతులు ఎండబెట్టుకుని కూర్చుని వింటోంది. కుర్మయ్య తల దించుకుని నవ్వు ఆపుకుంటున్నాడు. హేమచంద్ ఫోను అదే పనిగా మోగుతోంది. ఎంగిలి చెయ్యి, తీయలేడు.

“బాలరాజ్” అన్నాడు చివరికి, వడ్డిస్తున్న వాణ్ణి చూసి. “ఏమంటవ్ మరి? అమ్మతోని సంతకం పెట్టిస్తవా, లేదా? మా సార్లు పొద్దుగాల్నుంచి అడుగుతున్నరు.”

బాలరాజు అన్నం గిన్నెతో మా ముందు నిలబడ్డాడు. బంతి ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒకసారి చూశాడు. దాణా వేసేటప్పుడు కోళ్లన్నిటినీ ఒక్క చూపుతో చూసేవాడు చూడండి, అట్లా. వినోద గుంజకు ఆనుకుని నిలబడి ఉంది. వాడు ఆమెను చూడలేదు, నన్నూ చూడలేదు. పెట్టిస్తానంటాడనే అనుకున్నాను.

వాడు వంగాడు. అయిపోవస్తున్న నా ఆకులో, గరిటె నిండా, పొగలు కక్కే అన్నం కుప్పగా పోశాడు.

“బంతి లేవనియ్యి సారూ” అన్నాడు. “మా అవ్వ తింటాంది.”

నేను పచ్చిపులుసు అడిగాను. నిదానంగా కలపడం మొదలుపెట్టాను.